ఎన్‌వీడీఏ నేటివ్ సెలక్షన్ మోడ్ రివ్యూ: హెడ్డింగులు, టేబుళ్ళు, లింకులు పోకుండా కాపీ చేసుకోవచ్చు

ఎన్‌వీడీఏతో, అంటే స్క్రీన్ మీదున్నది చూపులేనివాళ్ళకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో, వెబ్ పేజీలోంచి కాపీ చేసి వర్డ్‌లో పేస్ట్ చేస్తే వచ్చేది వట్టి టెక్స్టే, ఇది వాడేవాళ్ళందరికీ తెలిసిన సంగతే. హెడ్డింగ్ మామూలు లైన్ అయిపోతుంది, లింక్ పేరు మిగులుతుంది కానీ దాని వెనకున్న అడ్రస్ పోతుంది, బోల్డ్ పోతుంది, ఇక టేబుల్ అయితే మరీ ఘోరం, ఒక్కో గడి ఒక్కో లైన్‌గా కిందకి దిగిపోయి నాలుగు కాలమ్‌ల టేబుల్ కాస్తా పొడుగాటి వరస అయిపోతుంది, ఏ అంకె దేనికి సంబంధించిందో మనమే కూర్చుని లెక్కేసుకోవాలి. ఈ ఇబ్బంది తీర్చడానికి 2024.1 వెర్షన్‌లో ఒక ఫీచర్ ఇచ్చారు, నేటివ్ సెలక్షన్ మోడ్ అంటారు, షార్ట్‌కట్ ఎన్‌వీడీఏ కీ (మామూలుగా ఇన్‌సర్ట్), షిఫ్ట్, ఎఫ్10 మూడూ కలిపి. మన తెలుగువాళ్ళలో నేను అడిగినవాళ్ళలో చాలామందికి ఇది ఉందనే తెలీదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

నేను పుట్టుకతోనే చూపులేనివాణ్ణి, అనంతపురం వైపు మా ఊరు, ఇప్పుడు బెంగళూరులో మారతహళ్ళి దగ్గర ఉంటున్నా, ఒక కంపెనీలో కొత్తగా చేరినవాళ్ళకి ట్రైనింగ్ మెటీరియల్ తయారుచేసే టీమ్‌లో పని. వెబ్‌లో వెతకడం, పనికొచ్చింది తీసి డాక్యుమెంట్‌లో పెట్టడం, దాన్ని సరిచేసి పైకి పంపడం, రోజూ ఇదే. చూపున్నవాళ్ళు మౌస్‌తో లాగి కాపీ కొడితే వాళ్ళకి హెడ్డింగులతో సహా వచ్చేస్తుంది, మనకి రాదు. మళ్ళీ మొదట్నుంచీ ఒక్కో హెడ్డింగ్‌కి స్టైల్ పెట్టుకుంటూ, టేబుల్ గీసి గళ్ళు నింపుకుంటూ పోవాలి. ఆ పనంతా ఎవరికీ కనపడదు, పైగా డాక్యుమెంట్ పొందిగ్గా లేకపోతే "ఇతనికి వర్డ్ సరిగ్గా రాదు" అనుకుంటారు. నాకు బాధ కలిగించేది ఇదే. వర్డ్ మనకి బాగానే వచ్చు, కాపీ చేసేటప్పుడే ఫార్మాటింగ్ మన చేతికి రాలేదు, అంతే.

ఎందుకిలా అవుతుందో కొంచెం చెప్తాను, ఇది తెలిస్తే మిగతాదంతా ఈజీగా అర్థమవుతుంది. బ్రౌజ్ మోడ్‌లో, అంటే ఎన్‌వీడీఏతో వెబ్ పేజీ చదివే పద్ధతిలో ఉన్నప్పుడు మనం బాణాల కీలతో తిరిగేది అసలు పేజీలో కాదు, ఎన్‌వీడీఏ ఆ పేజీని చదివి తన దగ్గర తయారుచేసుకున్న టెక్స్ట్‌లో. షిఫ్ట్ పట్టుకుని బాణం నొక్కి సెలక్ట్ చేసేది కూడా అందులోనే, బ్రౌజర్‌కి ఆ సంగతే తెలీదు. కంట్రోల్ సి నొక్కితే ఎన్‌వీడీఏ తన దగ్గరున్న టెక్స్ట్‌ని క్లిప్‌బోర్డ్‌లో పెడుతుంది. మామూలుగా బ్రౌజరే కాపీ చేస్తే క్లిప్‌బోర్డ్‌లోకి ఒకే దాన్ని రెండు రూపాల్లో పెడుతుంది, ఒకటి ప్లెయిన్ టెక్స్ట్, ఇంకోటి హెచ్‌టీఎమ్‌ఎల్, అంటే ఫార్మాటింగ్‌తో సహా ఉండే వెబ్ పేజీ కోడ్, వర్డ్‌కి హెచ్‌టీఎమ్‌ఎల్ దొరికితే అది తీసుకుంటుంది, నోట్‌ప్యాడ్ ప్లెయిన్ టెక్స్ట్ తీసుకుంటుంది. ఎన్‌వీడీఏ కాపీ చేసినప్పుడు ఆ రెండోది ఉండదు కాబట్టి వర్డ్ కూడా ఏం చేయలేదు. నేటివ్ సెలక్షన్ ఆన్ చేస్తే మనం ఎక్కడ సెలక్ట్ చేస్తే బ్రౌజర్‌లో, నేను వాడే ఫైర్‌ఫాక్స్‌లో కూడా అక్కడే సెలక్ట్ అవుతుంది, కంట్రోల్ సి నేరుగా ఫైర్‌ఫాక్స్‌కే వెళ్తుంది.

వాడటం చాలా సులువు. ఫైర్‌ఫాక్స్‌లో పేజీ తెరిచి, బ్రౌజ్ మోడ్‌లో ఉండి, ఎన్‌వీడీఏ షిఫ్ట్ ఎఫ్10 నొక్కండి, ఆన్ అయిందని చెప్తుంది. తర్వాత మామూలుగానే షిఫ్ట్ డౌన్ బాణం, లేదా కంట్రోల్ షిఫ్ట్ డౌన్‌తో పేరా పేరా, ఆ తర్వాత కంట్రోల్ సి. లాప్‌టాప్ వాళ్ళు ఒకటి చూసుకోండి, కొన్ని లాప్‌టాప్‌లలో ఎఫ్ కీలు వాల్యూమ్‌కీ బ్రైట్‌నెస్‌కీ పోతాయి, అలాంటప్పుడు ఎఫ్ఎన్ కూడా కలిపి నొక్కాలి, లేకపోతే ఫీచర్ పనిచేయట్లేదు అనుకుంటారు. వేరే పేజీకి వెళ్ళినప్పుడు ఆన్‌లో ఉందో లేదో ఒకసారి చూసుకోవడం మంచిది.

నేను దీన్ని గట్టిగా పరీక్షించింది తెలుగు వికీపీడియా పేజీల మీద. జిల్లాల పేజీల్లో టేబుళ్ళు, పక్కన సమాచార పెట్టె, ప్రతి రెండో పదానికి లింకు, హెడ్డింగుల కింద ఉపహెడ్డింగులు అన్నీ ఉంటాయి కాబట్టి దీనికి అంతకన్నా మంచి పరీక్ష లేదు. నేటివ్ సెలక్షన్‌తో కాపీ చేసి వర్డ్‌లో పేస్ట్ చేస్తే టేబుల్ టేబుల్‌గానే వచ్చింది, కంట్రోల్ ఆల్ట్ బాణాలతో గడి గడికీ తిరగ్గలిగాను, కాలమ్ హెడ్డింగ్ ఏంటో అంకె ఏంటో తేలిగ్గా తెలిసింది. హెడ్డింగులు హెడ్డింగ్ 2, హెడ్డింగ్ 3 స్టైల్స్‌తోనే దిగాయి, వర్డ్‌లో ఎన్‌వీడీఏ స్పేస్ కొట్టి బ్రౌజ్ మోడ్ ఆన్ చేసి హెచ్ నొక్కుకుంటూ పోతే ఒక్కోటీ పలుకుతోంది. ఇంతకు ముందు అయితే ఆ హెడ్డింగులన్నీ చేత్తో పెట్టుకునేవాణ్ణి కదా, నిజంగా చాలా సంతోషమనిపించింది. ఒకటి మాత్రం ఉంది, వికీపీడియాలో మూలాల అంకెలు ఉంటాయి కదా బ్రాకెట్లలో, అవి కూడా లింకులతో సహా వచ్చేస్తాయి, పైకి పంపే ముందు తీసేయాలి.

ఇంకో లాభం ఉంది, అసలు ఇది నేను ఊహించలేదు. మామూలు బ్రౌజ్ మోడ్‌లో మనం సెలక్ట్ చేసింది స్క్రీన్ మీద కనపడదు. మీటింగ్‌లో స్క్రీన్ షేర్ చేసి "ఈ పేరా చూడండి" అంటే అవతలివాళ్ళు "ఏ పేరా?" అని అడుగుతారు, మనకేమో సెలక్ట్ చేశాం అనిపిస్తుంది. నేటివ్ సెలక్షన్‌లో అయితే ఫైర్‌ఫాక్స్‌లో కూడా సెలక్ట్ అవుతుంది కాబట్టి వాళ్ళకి హైలైట్ అయి కనిపిస్తుంది. మా టీమ్‌లో నెల్లూరు అమ్మాయి ఒకామె ఉంది, మొదటిసారి చూసి "అన్నా, నువ్వు చెప్పే లైన్ ఇప్పుడు నాకు కనపడతా ఉంది, ఇన్నాళ్ళూ అంచనా వేసుకునేదాన్ని" అంది. ఇద్దరూ ఒకే చోట వేలు పెట్టి మాట్లాడుకుంటే పని ఎంత తొందరగా అవుతుందో చూపున్న ఆఫీసులో పనిచేసే మనవాళ్ళకి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు వర్డ్‌లో పేస్ట్ సంగతి, ఎందుకంటే సగం మంది ఇక్కడే మళ్ళీ పోగొట్టుకుంటారు. కంట్రోల్ వి కొట్టాక ఒకసారి కంట్రోల్ కీ ఒక్కటే నొక్కి వదిలితే పేస్ట్ ఆప్షన్లు వస్తాయి, కె అంటే అక్కడి ఫార్మాటింగ్ అలాగే ఉంచడం, ఎమ్ అంటే మన డాక్యుమెంట్‌లో కలిపేయడం, టి అంటే టెక్స్ట్ మాత్రమే. హెడ్డింగులు కావాలంటే కె పెట్టండి. ఎమ్ పెడితే పేరా మధ్యలో ఉన్న బోల్డ్, ఇటాలిక్ నిలుస్తాయి కానీ హెడ్డింగులు చుట్టూ ఉన్న పేరా స్టైల్‌లోకి కలిసిపోతాయి. టి పెడితే ఇంత కష్టపడింది మొత్తం వృథా.

కె తో ఒక చిక్కుంది, ఇది మనకి ముఖ్యం ఎందుకంటే కంటితో పట్టుకోలేం. వెబ్ పేజీ రంగులు, ఫాంట్లు, సైజులు కూడా వెంట వచ్చేస్తాయి. నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద తెల్ల అక్షరాల పేజీ అయితే తెల్ల కాగితం మీద తెల్ల అక్షరాలు వచ్చే ప్రమాదం ఉంది, మనకి ఎన్‌వీడీఏ చక్కగా చదివేస్తుంది, అవతలివాళ్ళకి ఖాళీ పేజీ కనిపిస్తుంది. కాబట్టి పేస్ట్ చేయగానే అక్కడక్కడా ఎన్‌వీడీఏ ఎఫ్ నొక్కి ఫాంట్, సైజు, రంగు ఏంటో వినండి. తేడాగా ఉంటే మొత్తం సెలక్ట్ చేసి కంట్రోల్ డి తో ఫాంట్ డైలాగ్ తెరిచి రంగు ఆటోమేటిక్ పెట్టండి, తెలుగు అక్షరాలకి నిర్మలా యూఐ లాంటి ఒకే ఫాంట్ పెట్టేస్తే చూడ్డానికి కూడా బాగుంటుందని మావాళ్ళు చెప్పారు. కంట్రోల్ స్పేస్ కొడితే కూడా రంగులు పోతాయి కానీ దాంతోపాటు బోల్డ్ కూడా పోతుంది, అందుకని నేను అది వాడను.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. బొమ్మల దగ్గర ఇది మనకి అంత అనుకూలం కాదు, ప్లెయిన్ కాపీలో బొమ్మ ఆల్ట్ టెక్స్ట్, అంటే బొమ్మలో ఏముందో చెప్పే వివరణ, మాటలుగా వస్తుంది, నేటివ్‌లో బొమ్మే వస్తుంది. కాపీ చేయకుండా అడ్డుపెట్టిన సైట్లు కొన్ని ఉంటాయి, సెలక్షన్ పడనివ్వవు, వాటిల్లో నేటివ్ పనిచేయదు, పాత పద్ధతే నయం ఎందుకంటే ఎన్‌వీడీఏ తన టెక్స్ట్‌లోంచి తీసుకుంటుంది కాబట్టి ఆ అడ్డు దానికి తగలదు. మెనూలు, ప్రకటనలు కలిపి పెద్ద పేజీ మొత్తం కంట్రోల్ ఏ తో కాపీ చేస్తే చెత్తంతా ఫార్మాటింగ్‌తో సహా వస్తుంది, అలాంటి పేజీల్లో ముందు ఎఫ్9 నొక్కి ఫైర్‌ఫాక్స్ రీడర్ వ్యూలోకి వెళ్ళి అక్కడ కాపీ చేస్తే శుభ్రంగా ఉంటుంది. వాట్సాప్‌లో పేస్ట్ చేయడానికైతే ఈ మోడ్ అక్కర్లేదు, అక్కడ ఎలాగూ టేబుళ్ళు, హెడ్డింగులు నిలవవు. అందుకే నేను ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచను, వర్డ్‌కో మెయిల్‌కో పోయేది అయితేనే ఆన్ చేస్తా.

ఈ ఫీచర్ లేనప్పుడు ఏం చేసేవాళ్ళమో కొత్తవాళ్ళకి తెలియాలి. ఎఫ్7 తో బ్రౌజర్ కేరెట్ బ్రౌజింగ్ ఆన్ చేసి, ఎన్‌వీడీఏ స్పేస్‌తో ఫోకస్ మోడ్‌లోకి, అంటే కీలు నేరుగా బ్రౌజర్‌కి వెళ్ళే పద్ధతిలోకి వెళ్ళి, బ్రౌజర్ కర్సర్‌తోనే సెలక్ట్ చేయడం ఒక దారి, పనిచేస్తుంది కానీ కర్సర్ ఎక్కడుందో పట్టుకోవడమే పెద్ద పని, హెడ్డింగులకి హెచ్, టేబుళ్ళకి టి లాంటి కీలు కూడా అక్కడ ఉండవు. లేకపోతే పేజీని కంట్రోల్ ఎస్ తో సేవ్ చేసి ఆ ఫైల్ వర్డ్‌లో తెరిచి అక్కర్లేనిది తీసేసుకోవడం. జాస్ అనే ఇంకో స్క్రీన్ రీడర్‌లో అయితే స్క్రీన్ మీదున్న అసలు సెలక్షన్‌తో పూర్తి కంటెంట్ కాపీ చేసుకునే సెట్టింగ్ ఎప్పట్నుంచో ఉంది, ఆ విషయంలో జాస్‌కి మార్కులు వేయాల్సిందే, కానీ జాస్ డబ్బు పెట్టి కొనాలి. ఎన్‌వీడీఏని మైకేల్ కరన్ 2006లో మొదలుపెట్టాడు, ఆస్ట్రేలియాలోని ఎన్‌వీ యాక్సెస్ అనే లాభాపేక్ష లేని సంస్థ దాన్ని ఉచితంగా ఇస్తోంది. మన దగ్గర డిగ్రీ చదువుకుంటూ, బ్యాంక్ ఎగ్జామ్స్‌కి ప్రిపేర్ అవుతూ ఉండే పిల్లలకి అందుబాటులో ఉండేది ఇదే కాబట్టి ఇందులో ఈ సౌకర్యం రావడం వల్ల జరిగే మేలు చాలా ఎక్కువ.

ఇక్కడ ట్రైనింగ్ సెంటర్ల గురించి ఒక మాట చెప్పాలి. బెంగళూరులో మనలాంటివాళ్ళకి కంప్యూటర్ నేర్పే చోట్లు ఉన్నాయి, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మిత్ర జ్యోతి 1990 నుంచీ నడుస్తోంది, తెలుగు పిల్లలు కూడా ఇక్కడికి వచ్చి నేర్చుకుంటున్నారు. నేను ఒక సెంటర్‌కి, పేరెందుకులెండి, కొత్త బ్యాచ్‌తో మాట్లాడటానికి వెళ్ళా. అక్కడ మెషీన్లు ఇంకా విండోస్ 7 మీదే ఉన్నాయి. ఎన్‌వీడీఏ 2024.1 నుంచి విండోస్ 7కీ, 8కీ సపోర్ట్ తీసేశారు, వాటిల్లో నడిచే చివరిది 2023.3.4, అంటే ఆ ల్యాబ్‌లో కూర్చున్న పిల్లలకి ఈ ఫీచర్ చూపించే వీలే లేదు. కర్నూలు కుర్రాడు ఒకడు "అన్నా, మరి ఆఫీసులో చేరాక నేర్చుకోవచ్చా?" అని అడిగాడు. నేర్చుకోవచ్చురా తమ్ముడూ, కానీ చేరిన మొదటి వారమే డాక్యుమెంట్ ఇమ్మంటారు, ఆ రోజుకి నీ చేతిలో ఉండాలి అని చెప్పాను. నా లాప్‌టాప్ ఇచ్చి టేబుల్ కాపీ చేయించా, ఒక్కసారికే పట్టేశాడు. సెంటర్లు నడిపేవాళ్ళు ఎవరైనా చదువుతుంటే దయచేసి రెండు మెషీన్లయినా విండోస్ 10కో 11కో మార్చండి, కాపీ పేస్ట్‌ని ఒక క్లాసుగా పెట్టి నేర్పండి.

నా రేటింగ్ ఐదుకి నాలుగున్నర. ఆ అర ఎందుకు తగ్గించానంటే ఇది మెనూల్లో ఎదురుపడే ఫీచర్ కాదు, షార్ట్‌కట్ తెలిసినవాళ్ళకే తెలుస్తుంది, యూజర్ గైడ్ మొత్తం చదివే ఓపిక ఎంతమందికి ఉంటుంది చెప్పండి. మీ వెర్షన్ ఏదో చూసుకోవాలంటే ఎన్‌వీడీఏ ఎన్ నొక్కి, హెల్ప్‌లో అబౌట్‌లోకి వెళ్ళండి, 2024.1 కన్నా పాతది ఉంటే అప్‌డేట్ చేసుకోండి, ఫైర్‌ఫాక్స్ కూడా కొత్తదే ఉండాలి. ఎన్‌వీడీఏతో పాటే వచ్చే తెలుగు ఈస్పీక్ గొంతుతో వినేవాళ్ళకి కూడా ఇందులో తేడా ఏం ఉండదు, గొంతుకీ కాపీకీ సంబంధం లేదు. ఎవరికైనా టేబుల్ రాకపోతే ఏ సైట్‌లో, ఏ వెర్షన్‌లో చేశారో కింద రాయండి, నా మెషీన్‌లో చేసి చూసి చెప్తాను.