కోతల లెక్కకు టాలీ ప్రైమ్ ఎంతవరకు పనికొస్తుంది?

కొత్తవాడ దరీలైనా పెంబర్తి ఇత్తడి సామానైనా, ఆన్‌లైన్ కంపెనీకి పీవో (కొనుగోలు ఆర్డర్) మీద సరుకు పంపేవాళ్లకు డబ్బు ఎప్పుడొస్తుందన్న బెంగ కన్నా ఎంత తగ్గి వస్తుందన్న బెంగే ఎక్కువ. పది పదిహేను ఇన్వాయిస్‌ల సొమ్ము ఒకే మొత్తంగా బ్యాంకులో పడుతుంది. షార్టేజీ, రేటు తేడా, లేబుల్ జరిమానా, రిటర్నుల పేరుతో ఆ కంపెనీ అప్పటికే కోసుకుని ఉంటుంది. కంపెనీ పోర్టల్‌లో మనం వేసిన ఫిర్యాదు టికెట్ ‘క్లోజ్డ్’ అని చూపిస్తే డబ్బు ఇచ్చి మూశారా, కొట్టేసి మూశారా అన్నది మన పుస్తకంలోనే తేలాలి. ఆ పుస్తకంగా టాలీ ప్రైమ్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ పనికొస్తుంది. కాకపోతే కొంచెం మలుచుకోవాలి.

ముందు కంపెనీ లెడ్జర్‌కు బిల్ వైజ్ (బిల్లు బిల్లుకూ బాకీ చూపే సదుపాయం) ఆన్ చేయండి. రిసీట్ వేసేటప్పుడు రిమిటెన్స్ అడ్వైస్ (ఏ బిల్లుకు ఎంత ఇచ్చారో కంపెనీ పంపే చిట్టా) ముందు పెట్టుకుని ఒక్కో ఇన్వాయిస్‌కు ‘అగైన్‌స్ట్ రెఫ్’ ఇవ్వాలి, అంటే ఆ సొమ్మును ఆ పాత బిల్లుకే కట్టాలి. తొందరలో మొత్తాన్నీ ఏ బిల్లుకూ కట్టకుండా ‘ఆన్ అకౌంట్’ కొట్టేస్తే ఏ బిల్లులో ఎంత కోత పడిందో మళ్లీ దొరకదు. ఎక్కువమంది లెక్కలు చెడేది ఇక్కడే.

బిల్లు వివాదంలో ఉందా, మామూలు బాకీయా అని చెప్పే గడి టాలీలో విడిగా లేదు. ఇదే పెద్ద లోటు. దీనికి సండ్రీ డెటార్స్ (బాకీదారులు) గ్రూపు కింద ‘వివాద కోతలు’ అని ఇంకో లెడ్జర్ తెరవండి, దానికీ బిల్ వైజ్ పెట్టండి. ఉదాహరణకు 417 నంబర్ ఇన్వాయిస్‌లో 200 దరీలు పంపితే గోదాం 188 ముట్టాయందనుకోండి. పన్ను పక్కన పెడితే, దరీ 850 చొప్పున 12 × 850 = 10,200. జర్నల్‌లో వివాద కోతలకు 10,200 డెబిట్, ‘న్యూ రెఫ్’ (కొత్త బాకీ గుర్తు) 417-షార్ట్. కంపెనీకి క్రెడిట్, ‘అగైన్‌స్ట్ రెఫ్’ 417. డ్యూ డేట్ గడిలో అభ్యంతరం పెట్టడానికి ఆఖరి తేదీ వేయండి. అప్పుడు అవుట్‌స్టాండింగ్స్ (రావాల్సిన బాకీల) రిపోర్టులో ‘డ్యూ ఆన్’ కాలమ్‌లో కనబడే తేదీయే గడువు హెచ్చరిక అవుతుంది; దాటితే ఎన్ని రోజులైందో ఓవర్‌డ్యూ కాలమ్ చెబుతుంది. ఈ సదుపాయం ఒక్కదానికే టాలీకి మంచి మార్కులు వేయొచ్చు.

సాక్ష్యాలు మాత్రం బయటే: 417-షార్ట్ పేరుతో ఫోల్డర్, అందులో పీవో, ఇన్వాయిస్, ఈ-వే బిల్లు, ఎల్ఆర్ (లారీ రసీదు), సంతకమున్న పీవోడీ (సరుకు ముట్టిన రుజువు). పీవోడీ మీద పెట్టెల సంఖ్య మాత్రమే ఉంటే పెట్టెలు చేరినట్టే రుజువు, లోపలి దరీలకు కాదు. ఎల్ఆర్‌లో బరువు రాయిస్తే అక్కరకొస్తుంది; దరీ రెండు కిలోలైతే 12 తగ్గినప్పుడు 24 కిలోలు తగ్గాలి కదా! ఇంకో గుర్తు: ముట్టినట్టు చూపినవి సరిగ్గా సగమైతే సరుకు పోకుండా, జతను ఒకటిగా స్కాన్ చేసి ఉండొచ్చు. రెండు పీవోల సరుకు ఒకే పెట్టెలో కలిపితే ఒకదాంట్లో తక్కువ, ఇంకోదాంట్లో ఎక్కువ చూపిస్తుంది. అలాంటప్పుడు రెండు పీవోలూ చూపించి ఒకే టికెట్ వేయాలి.

వాదించి ఓడిన కోతకు వాళ్ల డెబిట్ నోట్ ఒక్కటే చాలదు, జీఎస్టీ తగ్గాలంటే మనం క్రెడిట్ నోట్ ఇవ్వాలి. దాన్ని జీఎస్టీ రిటర్న్‌లో చూపించే గడువు సరుకు అమ్మిన ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబర్ 30, లేదా వార్షిక రిటర్న్ వేసిన తేదీ, ఏది ముందైతే అది. కాబట్టి మార్చి సరుకు గొడవను డిసెంబర్ దాకా సాగదీయొద్దు.

ఇంకో లోటు, టాలీ బిల్లు వయసును బిల్లు తేదీ నుంచో డ్యూ డేట్ నుంచో లెక్కిస్తుంది. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం, 2006 చూసేది సరుకు ముట్టిన తేదీని. ముట్టిన 15 రోజుల్లో రాతపూర్వక అభ్యంతరం రాకపోతే ముట్టిన రోజే ఒప్పుకున్నట్టు. ఒప్పందంలో ఏం రాసుకున్నా అక్కడి నుంచి 45 రోజులు దాటకూడదు. దాటితే ఆర్‌బీఐ బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. అందుకే నరేషన్‌లో (వివరం రాసే గడిలో) డెలివరీ తేదీ తప్పక రాయండి. కంపెనీ బెంగళూరులో ఉన్నా కేసు తెలంగాణ ఫెసిలిటేషన్ కౌన్సిల్‌లోనే (ఈ చట్టం కింద బాకీ వివాదాలు తీర్చే మండలి) వేయొచ్చు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్నా కొని అమ్మే వ్యాపారులకు ఈ రక్షణ లేదు, నేయించే, తయారుచేసే సూక్ష్మ, చిన్న సంస్థలకే.

నెలకు ముప్పై నలభై ఇన్వాయిస్‌లు పంపేవాళ్లకు ఈ పద్ధతి సరిపోతుంది. మార్కెట్‌ప్లేస్‌లో రోజుకు వందల ఆర్డర్లు నేరుగా కస్టమర్లకు పంపేవాళ్లు మాత్రం టాలీలో బిల్లు బిల్లుకూ చేయబోతే నెల తిరిగేసరికి చేతులెత్తేస్తారు. వాళ్లు సెటిల్‌మెంట్ ఫైలును ఎక్సెల్‌లో ఆర్డర్ నంబర్ మీద సరిచూసుకుని, టాలీలో మొత్తం మాత్రం ఎక్కించుకోవడమే నయం.