పాలమూరు వాన లెక్కలకు కోపర్నికస్ డేటా స్టోర్: ఏడాది వాడిన తరువాత

మహబూబ్‌నగర్‌లో ఉండి వానకూ మెట్టపంటలకూ ఉన్న సంబంధం మీద పరిశోధన చేసేవారికి మొదటి ఇబ్బంది వాన వివరాల దగ్గరే ఎదురవుతుంది. మండలంలోని వానమాపకం రోజుకు ఒక్క అంకె ఇస్తుంది. ఆ వాన రాత్రి గంటలో దంచి కొట్టిందా, పగలంతా ముసురు పట్టిందా అన్నది ఆ అంకె చెప్పదు. ఆముదం చేనుకు మాత్రం ఆ తేడాయే ముఖ్యం. నేను మొదట్లో ఆశ్రయించిన ఒక సంస్థ ప్రపంచం మొత్తానికి సంబంధించిన ఫైళ్లనే ఇచ్చేది. ఇక్కడి నెట్ వేగంతో రాత్రంతా డౌన్‌లోడ్ నడిచి, తెల్లవారుజామున తెగిపోయి, మళ్లీ మొదటికి వచ్చిన రోజులు చాలా ఉన్నాయి. ఆ తరువాతే యూరోపియన్ యూనియన్ భూ పరిశీలన కార్యక్రమమైన కోపర్నికస్ వారి క్లైమేట్ డేటా స్టోర్‌కు (వాతావరణ వివరాలను ఆన్‌లైన్‌లో ఇచ్చే భాండాగారం) మారి, ఎరా-5 అనే డేటాను ఏడాదిగా వాడుతున్నాను.

ఎరా-5 నేరుగా కొలిచిన వాన కాదని ముందే తెలుసుకోవాలి. భూమి మీది కేంద్రాలు, బెలూన్లు, ఓడలు, ఉపగ్రహాలు నమోదు చేసిన పాత పరిశీలనలను నేటి వాతావరణ కంప్యూటర్ నమూనాతో (మోడల్) జోడించి, 1940 నుంచి ప్రతి గంటకూ ఆకాశం ఎలా ఉండి ఉంటుందో యూరప్ దేశాల ఉమ్మడి వాతావరణ అంచనా సంస్థ అయిన ఈసీఎండబ్ల్యూఎఫ్ తిరిగి లెక్కగట్టి ఇస్తున్న డేటా ఇది. తొలి రూపంలోని వివరాలు సుమారు ఐదు రోజుల వ్యవధిలోనే అందుతాయి. రుసుము లేదు, ఖాతా తెరిచి, షరతులకు అంగీకరించి, వాడినచోట మూలాన్ని పేర్కొంటే చాలు.

నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచినది అడిగే పద్ధతి. ప్రపంచాన్ని పావు డిగ్రీ చొప్పున విభజించిన ఈ గ్రిడ్‌లో 1440 నిలువు వరుసలు, 721 అడ్డ వరుసలు, అంటే 10,38,240 బిందువులు ఉంటాయి. పాత మహబూబ్‌నగర్ జిల్లా చుట్టూ ఉత్తరాన 17.5, దక్షిణాన 15.75, పడమర 77, తూర్పున 79.25 డిగ్రీల హద్దులు గీస్తే మనకు కావలసినవి 80 బిందువులు మాత్రమే. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో నాలుగైదు వరుసల కోడ్ రాసి, ఈ నాలుగు హద్దులూ కావలసిన నెలా పంపితే, కావలసిన మేరకు కత్తిరించే పని అక్కడి సర్వరే చేసి ఆ 80 బిందువుల ఫైలునే పంపుతుంది. పెద్ద ప్రయోగశాలలు లేని మన జిల్లా కళాశాలల విద్యార్థికి ఇది ఎంత మేలో, రాత్రిళ్లు డౌన్‌లోడ్ చూస్తూ కూర్చున్నవారికి బాగా తెలుస్తుంది. అడిగినవి సర్వర్ దగ్గర వరుసలో నిలబడతాయి కనుక ఏళ్లకు ఏళ్లు ఒకేసారి అడగక, నెలల వారీగా అడగడం మేలు.

జాగ్రత్త పడవలసిన విషయం గంటల లెక్క. సమయం గ్రీనిచ్ కాలమానంలోనూ, వాన మీటర్లలోనూ, ఉష్ణోగ్రత కెల్విన్‌లోనూ వస్తాయి. వెయ్యితో హెచ్చించి వానను మిల్లీమీటర్లలోకి మార్చడం తేలికే. రోజు హద్దు దగ్గరే పొరపాటు జరుగుతుంది. మన వాతావరణ శాఖ వాన రోజు ఉదయం 8.30కు ముగుస్తుంది, అది గ్రీనిచ్‌లో 3 గంటలు. ప్రతి అంకె అంతకుముందు గంటలో పడిన వానను చెబుతుంది కనుక, ముందురోజు 4 గంటల అంకె నుంచి ఆ రోజు 3 గంటల అంకె దాకా 24 అంకెలు కూడితేనే మన మండల లెక్కతో పోల్చడం న్యాయం. మా విద్యార్థి ఒకరు అర్ధరాత్రి నుంచి కూడి, నమూనా తప్పని తేల్చేశారు. హద్దు సవరించాక రెండు లెక్కలూ చాలావరకు దగ్గరికి వచ్చాయి.

లోపాలూ ఉన్నాయి. ఒక్కో గడి సుమారు 27 కిలోమీటర్లు ఉంటుంది. పొలం గట్టు దాటితే వాన లేని మన ఉరుముల వానలను అది సగటు చేసి పరిచేస్తుంది. అందువల్ల ఒక చెలక నష్టాన్ని దీనితో నిరూపించాలనుకోవడం సరికాదు. నేల ప్రాంతాలకే పరిమితమై, 9 కిలోమీటర్ల గడులతో వచ్చే ఎరా-5 ల్యాండ్ ఉంది కదా అనుకోవచ్చు. అందులోని వాన ఎరా-5 నుంచి సర్దినదే తప్ప కొత్తగా లెక్కగట్టినది కాదు. నేల తేమకు దాన్ని వాడుకోవచ్చు, వాన సూక్ష్మతకు మాత్రం కాదు. 2024 సెప్టెంబరులో స్టోర్ కొత్త వేదికకు మారడంతో ఫైళ్లలో సమయాన్ని సూచించే అక్షం పేరు (కోడ్‌లో సమయాన్ని పిలిచే పేరు) కూడా మారింది కనుక, పాత కోడ్ దొరికినవారు దాన్ని సవరించుకుని వాడాలి.

నేను పెట్టిన గట్టి పరీక్ష 2009. ఆ నైరుతి కాలమంతా కరవుగా నడిచి, సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో కురిసిన వానలకు కృష్ణా తుంగభద్రలు పొంగి అలంపురం మునిగింది. జిల్లా హద్దుల్లోని 80 బిందువులతో ఆ వరదను అర్థం చేసుకోలేకపోయాను, ఎందుకంటే నీళ్లలో ఎక్కువ భాగం ఎగువన, కర్ణాటకలో కురిసినవి. వెనుకటి పద్ధతిలో అయితే మరో వారం ఫైళ్లకే పోయేది. ఇక్కడ హద్దుల అంకెలు మార్చి అదే కోడ్‌ను మళ్లీ నడిపాను; పరీవాహక ప్రాంతం మీద గంట గంటకూ వాన ఎలా కదిలిందో పటాల వరుసగా గీసి విద్యార్థుల ముందు పెట్టగలిగాను.