ఎంజీబీ డిక్కీలో స్టెప్నీ: కొన్నేళ్లు మోశాక

పాతకాలపు బ్రిటిష్ ఓపెన్ టాప్ స్పోర్ట్స్ కారు ఎంజీబీ రోడ్‌స్టర్ డిక్కీలో పూర్తి సైజు స్టెప్నీ పడుతుందా? పడుతుంది. 1962లో ఇంగ్లండ్‌లోని అబింగ్డన్ ఫ్యాక్టరీలో ఆ బండి తయారీ మొదలైనప్పటి నుంచీ దాని చోటు అదే. చక్రం పెట్టాక మిగిలిన డిక్కీతో ఏం చేసుకోవాలి, గతుకుల్లో అది కదలకుండా ఎలా బిగించాలి, దారిలో పంచరై బురద కొట్టుకున్న చక్రం మళ్లీ అక్కడే కూర్చుంటుందా అన్నవే అసలు తలనొప్పులు. కొన్నేళ్లుగా ఈ మూడింటితోనూ కాపురం చేస్తున్నాను కాబట్టి రాస్తున్నాను.

నా బండి అరవైల చివరి మోడలు. క్రోమ్ బంపర్లు, కుడివైపు స్టీరింగు, 1798 సీసీ ఇంజిను, నాలుగు మూలలా సైకిల్ చక్రంలా తీగలుండే స్పోక్ వీల్స్. మేం ఉండేది నార్సింగిలో. ఆదివారం ట్రాఫిక్ మొదలవకముందే చేవెళ్ల మర్రిచెట్ల రోడ్డు మీదుగా వికారాబాద్ వైపు పోయి, అనంతగిరి దగ్గర టిఫిన్ చేసి, ఎండెక్కేలోపు ఇల్లు చేరడం అలవాటు. ఎప్పుడైనా శ్రీశైలం. ఏప్రిల్, మే నెలల్లో బండి ఎక్కువగా షెడ్డులోనే ఉంటుంది. రోజూ తిప్పేవాళ్ల అనుభవం వేరేగా ఉండొచ్చు.

"ఈ రోజుల్లో స్టెప్నీ ఎవరు మోస్తున్నారు సార్, గాలి కొట్టే మెషిను, పంచర్ కిట్టు పెట్టుకోండి చాలు" అని సలహా ఇచ్చేవాళ్లకు కొదవ లేదు. 2020లో కేంద్రం మోటారు వాహనాల నిబంధనలు సవరించి, కార్లలో స్టెప్నీ లేకపోయినా పర్వాలేదన్న మాట నిజమే. కానీ దానికి షరతులున్నాయి. టైర్లు ట్యూబ్‌లెస్ అయి ఉండాలి, గాలి తగ్గితే డ్రైవరుకు తెలిపే ఏర్పాటుండాలి, రిపేరు కిట్టు ఉండాలి. మన స్పోక్ వీలు మొదటి షరతు దగ్గరే ఫెయిలు. స్పోకుల చివర్లు రిమ్ములోంచి లోపలికి వస్తాయి, ఆ సందుల్లోంచి గాలి పోతుంది, అందుకని ట్యూబు వేయక తప్పదు. ట్యూబు పంచరైతే టైరు విప్పాలి, ట్యూబు బయటికి లాగాలి, నీళ్ల తొట్టిలో ముంచి చూడాలి, ప్యాచ్ వేయాలి. బయటి నుంచి రబ్బరు పురి గుచ్చే కిట్టు ఇక్కడ ఉత్త బరువు.

చోటు కలిసొచ్చేలా తాత్కాలికంగా వాడే సన్నటి స్పేస్ సేవర్ చక్రం కూడా కుదరదు. చక్రం ఎక్కే ఈ హబ్బులకు నాలుగు నట్లు బిగించే పద్ధతి లేదు. పళ్లున్న హబ్బు మీదికి చక్రాన్ని తోసి మధ్యలో ఒకే ఒక్క పెద్ద స్పిన్నర్, అంటే చెవులున్న నట్టు, బిగిస్తాం. ఇంకో కారు స్పేస్ సేవర్ తెచ్చి పెడతానంటే అది ఎక్కదు. కాబట్టి స్పోక్ వీలుకు స్టెప్నీ అంటే ఇంకో స్పోక్ వీలే.

ఈ చోటు గొడవ ఒక్క ఎంజీకే కాదు. పాత పోర్షె 911లో ఒక దశలో గాలి తీసి ముడిచిన టైరు, దాంతోపాటు 12 వోల్టుల చిన్న కంప్రెసరు ఇచ్చేవారు. అవసరమైతే అక్కడికక్కడే ఉబ్బించుకోవాలి. తెలివైన ఉపాయమే. కానీ విప్పిన అసలు చక్రం అంత చిన్న సందులో పట్టదు కదా, దాన్ని పక్క సీట్లో కూర్చోబెట్టాలి. పక్క సీట్లో అప్పటికే మనిషి ఉంటే ఏం చేస్తారో నాకు అర్థం కాలేదు.

సైజు దగ్గర మనకు కొంత అదృష్టముంది. ఎంజీబీకి సరిపోయే 165/80 ఆర్14 టైరు మారుతి స్విఫ్ట్‌లో కొన్ని మోడళ్లకు వచ్చేదే. హైదరాబాద్‌లో ఏ టైర్ల షాపులోనైనా దొరుకుతుంది, బొంబాయికో లండన్‌కో ఆర్డరు పెట్టనక్కర్లేదు. దాని వ్యాసం లెక్క కడితే దాదాపు 620 మిల్లీమీటర్లు. లుక్కు కోసం 185/70 వేసేవాళ్లున్నారు. వ్యాసం 615 దగ్గరే వస్తుంది కాబట్టి నాలుగు మూలలా ఇబ్బంది కనిపించదు. డిక్కీలో కనిపిస్తుంది. పడుకోబెట్టిన చక్రానికి టైరు వెడల్పే ఎత్తు. వెడల్పు 165 నుంచి 185కు, అంటే 20 మిల్లీమీటర్లు పెరిగితే దాని మీద పెట్టే బ్యాగు కూడా అంత పైకి లేస్తుంది, అసలే లోతు తక్కువున్న డిక్కీ మూతకు తగులుతుంది. నేను 165 దాటలేదు, దాటను కూడా.

టైరు కొనడం సులువే గానీ వేయించడం ఒక తతంగం. షాపులో కుర్రాడు చక్రాన్ని ఒకసారి, నన్ను ఒకసారి చూశాడు. "గిది ట్యూబ్‌లెస్ టైరు సార్, ట్యూబెందుకు?" అన్నాడు. స్పోకులు చూపించి చెబితే, "బుల్లెట్ లెక్క అన్నట్టు" అని వెంటనే పట్టేశాడు. అక్కడి నుంచి పని చకచకా నడిచింది. రెండు విషయాలు మాత్రం దగ్గరుండి చూసుకోండి. స్పోకుల చివర్ల మీద రిమ్ చుట్టూ రబ్బరు పట్టీ సరిగ్గా కూర్చోవాలి. అలాగే కొత్త టైరు లోపలివైపు అంటించిన కాగితం స్టిక్కర్లు పూర్తిగా పీకేయించాలి. ట్యూబ్‌లెస్‌గా వాడితే అవి ఏమీ చేయవు, లోపల ట్యూబుంటే మాత్రం దాన్ని రాసి రాసి చిల్లు పెడతాయి.

ఇక బిగింపు. నన్ను ఎక్కువ సతాయించింది ఇదే. బండిని నాకంటే ముందు బాగుచేసిన గ్యారేజీ వాళ్లు డిక్కీ నేలంతా మందపాటి కార్పెట్ అంటించారు. చూడ్డానికి పెళ్లి మండపంలా ఉండేది. కానీ స్టెప్నీ బిగించే మర, అంటే బోల్టు ఎక్కే చుట్ల రంధ్రం, ఆ కార్పెట్ కింద పడిపోయింది. దానికి బదులు అటూ ఇటూ రెండు కొక్కేలు తగిలించి ఒక బెల్టు ఇచ్చారు. బెల్టు మొదట గట్టిగానే ఉండేది. మన కాలనీల స్పీడ్ బ్రేకర్లు నాలుగు దాటేసరికి వదులయ్యేది. ప్రతి గతుక్కీ వెనకనుంచి ధబ్‌మని చప్పుడు. ఒకరోజు గండిపేట దగ్గర వెనకాల వచ్చిన బైకతను పక్కకొచ్చి, "అన్నా, బ్రేక్ లైట్ వెలుగుత లేదు" అని చెప్పాడు. డిక్కీ తీసి చూస్తే చక్రం జరిగి జరిగి, వెనక దీపం వైర్ల కనెక్టరును పీకేసింది.

కార్పెట్ కోశాను. దాని కింద మర ఉంది, తుప్పుతో. వైరు బ్రష్షు, తుప్పు వదిలించే నూనె, కాస్త ఓపిక. పాత బోల్టు దొరకలేదు. ఇంట్లో ఉన్న మెట్రిక్ బోల్టు చేత్తో తిప్పితే రెండు చుట్లు సుఖంగా ఎక్కి అక్కడ బిగుసుకుంది. అక్కడే ఆపాలి, స్పానర్‌తో బలవంతం చేస్తే మర పాడైపోతుంది. ఆ కాలం బ్రిటిష్ బండ్లలో మరలు ఎక్కువగా అంగుళాల లెక్కన ఉండే యూఎన్ఎఫ్ రకం, మన మెట్రిక్ చుట్లు వాటికి కుదరవు. బాలానగర్‌లో లేత్ పనిచేసే ఒక పెద్దాయనకు మర అచ్చు చూపిస్తే పొడుగు బోల్టు చేసిచ్చారు, దాని పైన హబ్బు మూతిలో కూర్చునేలా అంచు వాల్చిన గుండ్రటి ప్లేటు కూడా. ప్లేటు కిందికి, చక్రం కిందికి రాణిగంజ్‌లో కొన్న రబ్బరు షీటు ముక్కలు వేశాను. ఆ రోజు నుంచి ఇవాళ్టి దాకా చప్పుడు లేదు. ఈ సమీక్షలో ఐదుకు ఐదు ఇచ్చేది ఆ బోల్టుకే.

మీ బండిలో మర పూర్తిగా పోయి ఉంటే ఒక్క మాట. డిక్కీ నేలకు కొత్తగా చిల్లు పెట్టకండి, వెల్డింగ్ అసలే వద్దు. 54 లీటర్ల పెట్రోలు ట్యాంకు సరిగ్గా ఆ రేకు కిందే వేలాడుతూ ఉంటుంది. ట్యాంకు దించి, పక్కన పెట్టాకే ఏ పనైనా. రోడ్డు పక్క షాపుల్లో "రెండు నిమిషాల పని సార్" అంటూ డ్రిల్లు పట్టుకుని వచ్చేవాళ్లుంటారు, చేయి అడ్డం పెట్టండి.

చక్రాన్ని ఏ వైపు పైకి పెట్టాలన్నది చిన్న సంగతిలా కనిపిస్తుంది. నేను బయటి ముఖం పైకి పెడతాను. వాల్వు పైకే ఉంటుంది, గాలి చూసుకోవడానికి చక్రం విప్పక్కర్లేదు. వాల్వు కిందికి పోయేలా పెడితే గాలి చూడటం మనం ఎలాగూ మానేస్తాం, అవసరమైన రోజున స్టెప్నీ కూడా చప్పబడి ఉంటుంది. నడిచే చక్రాల కంటే ఇందులో గాలి ఎక్కువే, 30 పైన కొట్టిస్తాను. దారిలో తగ్గించుకోవడానికి అగ్గిపుల్ల చాలు, పెంచుకోవడానికి పంపు కావాలి. ఇంకొకటి, స్పోక్ వీలు మధ్యలో పళ్లకు ఎప్పుడూ గ్రీజు రాసి ఉండాలి, ఆ గ్రీజు బ్యాగులకు అంటుకుని ఇంట్లో పంచాయితీ పెడుతుంది. సీటు కవర్లు కుట్టే షాపులో పాత రెగ్జిన్‌తో గుండ్రటి సంచి కుట్టించాక మా ఆవిడ డిక్కీలో తన బ్యాగు పెట్టడానికి ఒప్పుకుంది.

సామాను గురించి నిజాయితీగా చెప్పాలంటే, గట్టి సూట్‌కేసు మర్చిపోండి. చక్రం చుట్టూ మూలల్లో తిరగలేసిన త్రికోణాల్లాంటి ఖాళీలు మిగులుతాయి. ఒకదాంట్లో జాకీ, ఒకదాంట్లో రాగి సుత్తి, నీళ్ల బాటిళ్లు, వైర్ల మూట, రెండు గుడ్డలు. చక్రం మీద మెత్తటి బ్యాగులు రెండు. ఇద్దరికి ఒక రాత్రి ప్రయాణానికి సరిపోతుంది, శ్రీశైలం వెళ్లొచ్చాం. పెళ్లికి పట్టు బట్టలతో వెళ్లడానికి ఈ కారు పనికిరాదు. డిక్కీ మూత మీద క్రోమ్ క్యారియర్ బిగించి స్టెప్నీని దాని మీదికి ఎక్కించినవాళ్లను చూశాను. ఫొటోకు బాగుంటుంది. అంత బరువు పల్చటి మూత మీద, కీళ్ల మీద ఎందుకు వేలాడదీయాలి? దొంగలకు కూడా చేతికందే ఎత్తులో ఉంటుంది. క్యారియర్ మీద తేలికైన బ్యాగు పెట్టుకోండి, చక్రం లోపలే ఉండనివ్వండి.

ఇంత మోసినందుకు ఫలితం దక్కిందా? మొయినాబాద్ దాటాక ఒక వాన రోజు దక్కింది. వెనక ఎడమ చక్రంలో మేకు. రోడ్డు పక్క టీ కొట్టు ముందు ఆపి, బ్యాగులు కొట్టు బల్ల మీద పెట్టి, స్టెప్నీ తీశాను. స్పిన్నర్ చెవి మీద ఎటు కొడితే ఊడుతుందో బాణం గుర్తు ఉంటుంది. అది అరిగిపోయి ఉంటే గుర్తు పెట్టుకోవడం సులువు: బండి ముందుకు పోయేటప్పుడు చక్రం తిరిగే దిక్కుకే కొట్టాలి, రెండు వైపులా అంతే. కుడివైపు మరలు ఎదురు చుట్లవి. అది తెలియని మెకానిక్ కుడి చక్రాన్ని విప్పుతున్నాననుకుని ఇంకా బిగించేస్తాడు. రాగి సుత్తి వాడితే స్పిన్నర్ మీద సొట్టలు పడవు, ఇనుప సుత్తి ఎవరి చేతికీ ఇవ్వకండి. నాలుగు దెబ్బలకు ఊడింది. టీ తాగుతున్నవాళ్లు గ్లాసులు పట్టుకుని చుట్టూ చేరారు, ఒకాయన "ఒక్కటే నట్టా?" అని ఆశ్చర్యపోయాడు. టీ చల్లారేలోపే పని అయిపోయింది. కొంచెం దూరం నడిపాక ఆపి స్పిన్నర్‌ను మరో దెబ్బ వేసి చూసుకున్నాను. విప్పిన చక్రం కూడా అదే సైజు కాబట్టి రెగ్జిన్ సంచిలో దూరి అదే బోల్టు కింద కూర్చుంది.

ఎండ సంగతి మిగిలింది. మూసి ఉన్న డిక్కీ మన మే నెలలో రబ్బరుకు మంచిది కాదు. వాడని టైరు కొత్తదిలాగే కనిపిస్తూ ముసలిదవుతుంది. టైరు పక్కన చివరి నాలుగు అంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. స్పోక్ వీళ్లకు ఎడమ, కుడి తేడా లేదు, తేడా అంతా హబ్బుకూ స్పిన్నర్‌కే. అందుకని నేను స్టెప్నీని కూడా కలిపి ఐదు చక్రాలనూ వంతులవారీగా తిప్పుతున్నాను. ఐదూ ఒకేలా అరుగుతాయి, డిక్కీలో మూలపడి పగిలిపోయే టైరంటూ ఉండదు.

ఎంజీబీలో నట్లతో బిగించే మామూలు స్టీలు చక్రాలవి, రోస్టైల్ అనే డిజైను స్టీలు చక్రాలవి కూడా ఉన్నాయి. చోటు ఆదానే మీకు ముఖ్యమైతే కొనేటప్పుడే అలాంటిది చూసుకోండి, పైన రాసిన గొడవల్లో సగం మీకు ఉండవు. స్పోక్ వీళ్లదే కొంటే మాత్రం, ఒప్పందం ముగించకముందే డిక్కీ కార్పెట్ ఎత్తి మర ఉందో లేదో వేలు పెట్టి చూడండి. లేకపోతే ట్యాంకు దించి మర పెట్టించే ఖర్చు బేరంలో తగ్గించమనండి.