ఐటీఐ వెల్డింగ్ అయ్యాక స్కిల్స్ పోటీకా, అప్రెంటిస్‌కా? విశాఖ కుర్రాళ్లకు ఏది మేలు?

విశాఖలో వెల్డర్ ట్రేడ్ చదివే కుర్రాడి చెయ్యి కాస్త బాగుందంటే చాలు, రెండు వైపుల నుంచి రెండు మాటలు వినపడతాయి. ఐటీఐలో మాస్టారు "స్కిల్స్ పోటీకి పేరు ఇవ్వరా" అంటారు. ఇంట్లో నాన్నేమో "డాక్‌యార్డ్‌లోనో, స్టీల్‌ప్లాంట్‌లోనో అప్రెంటిస్ దొరికితే చాలురా" అంటారు. ఇద్దరూ పిల్లాడి మంచి కోరేవాళ్లే. నన్నడిగితే, వయసు 20 లోపు ఉండి, సాధనకు ఇనుము, గ్యాస్ ఇచ్చే చోటు దొరికితే ముందు పోటీకే వెళ్లాలి. ఆ చోటు దొరక్కపోతే మారు మాట లేకుండా అప్రెంటిస్‌లో చేరాలి.

వయసు సంగతి ముందు ఎందుకంటే, పోటీ తలుపు తొందరగా మూసుకుపోతుంది. వృత్తి నైపుణ్యాల్లో దేశాల మధ్య జరిగే పోటీ, వరల్డ్‌స్కిల్స్, 1950లో మాడ్రిడ్‌లో స్పెయిన్, పోర్చుగల్ కుర్రాళ్ల మధ్య మొదలైంది. ఇప్పుడు రెండేళ్లకోసారి జరుగుతుంది. వెల్డింగ్‌తో సహా చాలా విభాగాల్లో పోటీ జరిగే ఏడాదికి 22 దాటకూడదు. మెకట్రానిక్స్ (యంత్రాలు, ఎలక్ట్రానిక్స్ కలిసిన పని) లాంటి కొన్నింటికి మాత్రం 25 దాకా వీలుంది. 2028 పోటీ జపాన్‌లోని ఐచిలో. ఈ నియమం మారకపోతే దానికి 2006లోనో, ఆ తర్వాతో పుట్టినవాళ్లే వెళ్లగలరు. అక్కడికి చేరాలంటే రాష్ట్ర స్థాయి గెలవాలి, జాతీయ స్థాయి పోటీ ఇండియాస్కిల్స్ గెలవాలి, ఆ తర్వాత నెలల తరబడి శిక్షణ. ఒక్క ఏడాది ఆలస్యమైనా అవకాశం చేజారుతుంది. అప్రెంటిస్ అలా కాదు. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టంలో కనీస వయసే ఉంది, పై వయసు లేదు. అయితే ఒక్కో సంస్థ తన నోటిఫికేషన్‌లో సొంత హద్దు పెడుతుంది కాబట్టి అది చదివాకే ధైర్యం చేయాలి.

ఇక పని. రెండు చోట్లా టార్చ్ ఒకటే గానీ, నేర్పేది వేరు. పోటీలో వెల్డింగ్ అంటే నాలుగు రకాల పని: టెస్ట్ ముక్కలు, పైపులూ ప్లేట్లూ కలిపి చేసే ప్రెషర్ వెస్సెల్ (లోపలి ఒత్తిడిని తట్టుకునే డబ్బా), అల్యూమినియం నిర్మాణం, స్టెయిన్‌లెస్ స్టీల్ నిర్మాణం. టెస్ట్ ముక్క మధ్యలో కావాలనే ఆర్క్ (లోహాన్ని కరిగించే కరెంటు మెరుపు) ఆపి, మళ్లీ అక్కడినుంచే మొదలుపెట్టాలి. అతుకు కనపడకుండా కలిపాడా లేదా అన్నది చూస్తారు. వెస్సెల్‌లోకి నీళ్లు ఎక్కించి ఒత్తిడి పెంచుతారు. ఒక్క చుక్క కారినా మార్కులు పోతాయి. వేసిన కుట్టు (వెల్డ్ చేసిన గీత) మీద గ్రైండర్ పెట్టి నున్నగా చేయడం కుదరదు, బ్రష్‌తో తుడవడం వరకే. అంటే తప్పు దిద్దుకునే వీలు లేదు. ఈ క్రమశిక్షణకు అలవాటుపడిన కుర్రాడు డ్రాయింగ్ చూడగానే కుట్టు ఎక్కడ, ఎంత, ఏ వైపునుంచి అన్నది చెప్పేస్తాడు. మన ఐటీఐల్లో ఎక్కువమంది తడబడేది సరిగ్గా ఇక్కడే.

ఓడ పనిలో మాత్రం తప్పు దిద్దడమే సగం విద్య. ఎక్స్‌రేలో పోరోసిటీ (కుట్టు లోపల గాలి బుడగలు) కనపడితే ఆ మేరకు గౌజింగ్ చేసి, అంటే చెడిన లోహాన్ని తొలిచేసి, మళ్లీ నింపాలి. ఇరుకు ట్యాంకులో వెల్లకిలా పడుకుని, నిప్పు రవ్వలు మెడ మీద పడుతుంటే ఓవర్‌హెడ్ (తలకు పైన ఉండే కుట్టు) వెయ్యాలి. పైగా ఇది సముద్రపు ఊరు. 7018 అనే రకం వెల్డింగ్ రాడ్డు ప్యాకెట్ విప్పి అలా వదిలేస్తే గాలిలో తేమ పీల్చేస్తుంది, ఆ రాడ్డుతో వేసిన కుట్టు లోపల బుడగలొస్తాయి, తర్వాత పగుళ్లూ రావచ్చు. అందుకే ఓవెన్‌లో కాల్చి, వేడిగా ఉండే డబ్బాలో పెట్టుకుని, ఒక్కొక్కటే తీసి వాడతారు. ఈ జాగ్రత్త పుస్తకంలో చదివితే ఒంటబట్టదు. పెద్ద మేస్త్రి పక్కన నిలబడి నేర్చుకోవాల్సిందే. ఈ విషయంలో అప్రెంటిస్‌కు సాటి వచ్చేది లేదు.

డబ్బు లెక్కలో ఇంటివాళ్ల మాటే నిజం. 2019 నిబంధనల్లో కనీస స్టైపెండ్ చదువును బట్టి 5,000 నుంచి 9,000 రూపాయల దాకా పెట్టారు. ఇల్లు గడవదు గానీ పిల్లాడి బస్సు, భోజనం ఖర్చు ఇంటి మీద పడదు. కానీ అప్రెంటిస్ అంటే ఉద్యోగం ఖాయం అనుకునే వాళ్లు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. అది నిజం కాదు. శిక్షణ అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలని చట్టం చెప్పదు. రైల్వేలో మాత్రం, అక్కడే అప్రెంటిస్ చేసినవాళ్లకు లెవెల్-1 (అన్నిటికంటే కింది స్థాయి) పోస్టుల్లో 20 శాతం కేటాయింపు ఉంది. వాల్తేరు లోకో షెడ్డు వైపు చూసేవాళ్లకు ఇది గట్టి ఆసరా.

పతకం ఆశ ఎంత? 2019లో రష్యాలోని కజాన్‌లో జరిగిన వరల్డ్‌స్కిల్స్‌లో, వాటర్ టెక్నాలజీ విభాగంలో మన దేశానికి బంగారం తెచ్చింది పక్కనున్న ఒడిశా కుర్రాడు, అశ్వత్థ నారాయణ. 2024లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో నాలుగు కాంస్యాలు వచ్చాయి: పేస్ట్రీ తయారీ, ఇండస్ట్రీ 4.0 (కంప్యూటర్లతో నడిచే ఫ్యాక్టరీ పని), హోటల్ రిసెప్షన్, పునరుత్పాదక ఇంధనం. వాటిలో వెల్డింగ్ లేదు. నాకు ఇది బాధగానే ఉంటుంది, ఎందుకంటే ఓడలు కట్టే ఊరు మనది. అయినా పతకం ఒక్కటే లెక్క కాదు. 700 పాయింట్లు దాటితే మెడలియన్ ఆఫ్ ఎక్సలెన్స్ ఇస్తారు, లియోన్‌లో మనవాళ్లకు అలాంటివి 12 వచ్చాయి. రాష్ట్ర స్థాయి దాకా వెళ్లి ఆగిపోయినవాడి చెయ్యి కూడా వెళ్లకముందులా ఉండదు.

మరి అందరూ పోటీకే వెళ్లొచ్చుగా అంటే, అడ్డం పడేది సామాను. టిగ్ (ఆర్గాన్ గ్యాస్ రక్షణలో టంగ్‌స్టన్ కడ్డీతో చేసే వెల్డింగ్) సాధనకు ఆర్గాన్ సిలిండర్ కావాలి, అల్యూమినియం ముక్కలు కావాలి, స్టెయిన్‌లెస్ షీటు కావాలి. ఒకసారి కుట్టు పడ్డ ముక్క మళ్లీ పనికిరాదు. ఈ ఖర్చు ఇంటివాళ్లు భరించగలిగేది కాదు. సాయంత్రం షెడ్డు తెరిచి ఉంచే మాస్టారో, గాజువాక ఆటోనగర్‌లో తుక్కు ముక్కలిచ్చే ఫ్యాబ్రికేషన్ యజమానో ఉంటేనే పోటీ మాట ఎత్తాలి. ఉత్తి మైల్డ్ స్టీల్ (మామూలు ఉక్కు) మీద ఆర్క్ కొట్టి పోటీకి వెళ్తే పిల్లాడు అక్కడ బిక్కమొహం వేయడం తప్ప ఏమీ ఉండదు. తప్పు వాడిది కాదు.

మూడో దారి, 6జీ పైపు టెస్టు (ఏటవాలుగా బిగించిన పైపును చుట్టూ వెల్డ్ చేసే పరీక్ష) పాసై గల్ఫ్‌కు వెళ్లడం. 19 ఏళ్లకే దీనికి తొందరపడొద్దు. అప్పు తీర్చాల్సిన ఇల్లయితే వేరే సంగతి.

ఒకటి ఎంచుకుంటే రెండోది వదులుకోవాలని కూడా లేదు. వయసు సరిపోతే అప్రెంటిస్‌గా ఉంటూనే ఇండియాస్కిల్స్‌కు పేరు ఇవ్వొచ్చు, నమోదు కేంద్రం వారి స్కిల్ ఇండియా డిజిటల్ హబ్ వెబ్‌సైట్‌లో జరుగుతుంది. చేరే ముందే ట్రైనింగ్ ఆఫీసర్‌ను రెండు సంగతులు అడగండి: పోటీ రోజులకు సెలవు ఇస్తారా, షిఫ్టు అయ్యాక టిగ్ బూత్‌లో గంటసేపు ఉండనిస్తారా. ఆ రెండింటికీ అవునంటే అక్కడే చేరిపోండి.