సర్ట్-మేనేజర్ నాలుగేళ్ల వాడకం: ‘రెడీ’ అన్నంత మాత్రాన సరిపోదు

కుబర్నెటీస్ (కంటైనర్లలో అప్లికేషన్లు నడిపే వ్యవస్థ) క్లస్టర్లలో టీఎల్ఎస్ సర్టిఫికెట్ల (సైట్‌కి హెచ్‌టీటీపీఎస్ రావడానికి కావాల్సినవి) పని మొత్తం సర్ట్-మేనేజర్‌కి అప్పగించి నాలుగేళ్లు దాటింది. ముందే చెప్పదగ్గ మాట ఒకటుంది. సర్టిఫికెట్ తెప్పించడంలో, గడువు దగ్గరపడకముందే కొత్తది తెచ్చిపెట్టడంలో దీనికి వంక పెట్టలేం. తెచ్చిపెట్టిన సర్టిఫికెట్‌ని అప్లికేషన్ నిజంగా వాడుతోందా అన్నది మాత్రం దీనికి తెలీదు. ఆ హద్దు ఎక్కడుందో తెలిసి వాడేవాళ్లకి ఇది బంగారం. తెలీకపోతే డ్యాష్‌బోర్డు అంతా పచ్చగా ఉన్న రోజునే బ్రౌజర్లో ఎర్ర హెచ్చరిక కనపడుతుంది.

క్యూబ్-లెగో అనే పాత పనిముట్టు స్థానంలో 2017లో జెట్‌స్టాక్ కంపెనీ దీన్ని మొదలుపెట్టింది. 2020లో కుబర్నెటీస్ లాంటి ప్రాజెక్టుల్ని చూసుకునే సీఎన్‌సీఎఫ్ సంస్థలో చేరి, 2024లో గ్రాడ్యుయేట్ ప్రాజెక్టు అయింది. లోపల మూడు పాడ్‌లు (కుబర్నెటీస్ కంటైనర్లని నడిపే చిన్న మూటలు): కంట్రోలర్, వెబ్‌హుక్, సీఏ-ఇంజెక్టర్. మనం రాసేది రెండే: ఎవరి దగ్గర తెచ్చుకోవాలో చెప్పే ఇష్యూయర్ (క్లస్టరంతటికీ అయితే క్లస్టర్‌ఇష్యూయర్), ఏ పేర్లకి కావాలో చెప్పే సర్టిఫికెట్. బయటి ట్రాఫిక్‌ని లోపలి సర్వీసులకి మళ్లించే ఇన్‌గ్రెస్ మీద ఒక్క యానొటేషన్ (చిన్న చీటీ లాంటిది) పెడితే ఆ రెండోది కూడా అదే రాసుకుంటుంది.

ఇన్‌స్టాల్ చేయడం కుబర్నెటీస్ ప్యాకేజీ మేనేజర్ హెల్మ్‌తో ఐదు నిమిషాల పని. మొదటి రోజు ఎక్కువమంది ఇరుక్కునేది వెబ్‌హుక్ దగ్గర. ఇష్యూయర్ అప్లై చేయగానే ‘కాంటెక్స్ట్ డెడ్‌లైన్ ఎక్సీడెడ్’ అని వస్తే, కంట్రోల్ ప్లేన్ (క్లస్టర్‌ని నడిపించే భాగం) నుంచి వెబ్‌హుక్ పాడ్‌కి దారి మూసుకుపోయి ఉందని అర్థం. వెబ్‌హుక్ 10250 పోర్టులో వింటుంది. అమెజాన్ కుబర్నెటీస్ సేవ ఈకేఎస్‌లో సొంత సీఎన్ఐ (పాడ్ నెట్‌వర్క్ ప్లగిన్) వేసుకుంటే కంట్రోల్ ప్లేన్‌కి పాడ్ నెట్‌వర్క్ అందదు. అప్పుడు వెబ్‌హుక్‌ని హోస్ట్ నెట్‌వర్క్‌లో నడపాలి. నోడ్ మీద 10250ని అప్పటికే క్యూబ్‌లెట్ (ఆ నోడ్‌లో పాడ్‌లని నడిపేది) పట్టుకుని ఉంటుంది కాబట్టి పోర్టు కూడా 10260 లాంటి వేరేదానికి మార్చాలి. ఈ రెండో సగం మర్చిపోయి గంటలు పోగొట్టుకోవడం మామూలే. అదే ‘సర్టిఫికెట్ సైన్డ్ బై అన్‌నోన్ అథారిటీ’ అని వస్తే సీఏ-ఇంజెక్టర్ పాడ్ లాగ్ చూడండి. చాలాసార్లు మెమరీ చాలక చచ్చిపోతూ ఉంటుంది.

ఇక డొమైన్ మనదేనని రుజువు చేసుకునే ఘట్టం. రెండు దారులున్నాయి. హెచ్‌టీటీపీ-01లో, ఉచితంగా సర్టిఫికెట్లిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్ల సర్వర్లు 80 పోర్టుకి వచ్చి ఒక ఫైలు చదువుతాయి. డీఎన్ఎస్-01లో ‘_ఆక్మీ-ఛాలెంజ్’ పేరుతో పెట్టిన టెక్స్ట్ రికార్డు చూస్తాయి. వైల్డ్‌కార్డ్ (సబ్‌డొమైన్లన్నిటికీ ఒకటే సర్టిఫికెట్) కావాలంటే రెండోదే దిక్కు.

హెచ్‌టీటీపీ-01లో కనపడని మెలిక ఒకటుంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్‌ని పిలిచేముందు సర్ట్-మేనేజర్ తానే క్లస్టర్ లోపల్నుంచి ఆ యూఆర్ఎల్‌ని ఒకసారి తెరిచి చూసుకుంటుంది. బయట మన ఫోన్లో చక్కగా తెరుచుకునే యూఆర్ఎల్ లోపల్నుంచి తెరుచుకోకపోవచ్చు. లోడ్ బ్యాలెన్సర్ మీద ప్రాక్సీ ప్రోటోకాల్ (వచ్చినవాళ్ల అసలు ఐపీని ముందు ఒక హెడర్లో చెప్పే పద్ధతి) పెట్టుకున్నవాళ్లకి ఇది దాదాపు ఖాయం. లోడ్ బ్యాలెన్సర్ ఐపీకి పోవాల్సిన ప్యాకెట్‌ని క్యూబ్-ప్రాక్సీ మధ్యలోనే పట్టుకుని నేరుగా ఇన్‌గ్రెస్ పాడ్‌కి పంపేస్తుంది. ఆ దారిలో ప్రాక్సీ హెడర్ ఉండదు, ఇన్‌గ్రెస్ దాన్ని తోసిపుచ్చుతుంది. ఛాలెంజ్ (ఈ రుజువు పరీక్ష) రోజుల తరబడి ‘పెండింగ్’లోనే కూర్చుంటుంది. సర్వీస్ స్టేటస్‌లో ఐపీ బదులు హోస్ట్‌నేమ్ కనపడేలా క్లౌడ్ వాళ్లిచ్చే యానొటేషన్ పెట్టడం ఒక మందు. లేదా డీఎన్ఎస్-01కి మారిపోవడం.

ఇరుక్కున్నప్పుడు ఎక్కడ చూడాలో తెలిస్తే సగం పని అయినట్టే. సర్టిఫికెట్‌ని డిస్క్రైబ్ చేస్తే ‘ఇష్యూయింగ్’ అని మాత్రమే ఉంటుంది, దాంతో ఏమీ తేలదు. అక్కడ్నుంచి సర్టిఫికెట్‌రిక్వెస్ట్‌కి, దాన్నుంచి ఆర్డర్‌కి, చివరికి ఛాలెంజ్‌కి దిగాలి. అసలు కారణం చాలాసార్లు ఆ అట్టడుగు ఛాలెంజ్ ‘రీజన్’ లైన్లోనే ఉంటుంది: 404 వచ్చిందనో, టెక్స్ట్ రికార్డు ఇంకా కనపడలేదనో. ‘సీఎంసీటీఎల్ స్టేటస్ సర్టిఫికెట్’ అనే ఒక్క కమాండ్ ఈ నాలుగు మెట్లూ ఒకేసారి చూపిస్తుంది. ఆ చిన్న పనిముట్టు దగ్గర లేకుండా ప్రొడక్షన్‌లోకి వెళ్లకండి. కారణం సరిచేశాక కూడా వెంటనే కదలకపోతే కంగారుపడొద్దు. ఒకసారి ఫెయిలైతే అది గంట ఆగుతుంది, మళ్లీ ఫెయిలైతే రెండు గంటలు, అలా రెట్టింపవుతూ 32 గంటల దాకా. ‘సీఎంసీటీఎల్ రెన్యూ’ కొడితే ఆ ఎదురుచూపు తప్పుతుంది.

డీఎన్ఎస్-01లో అమెజాన్ డీఎన్ఎస్ సేవ రూట్53కి కావాల్సిన పర్మిషన్లు కొద్దిగానే: రికార్డు మార్చడం, మార్పు స్థితి చూడడం, జోన్‌ని పేరుతో వెతకడం. కానీ మొత్తం జోన్‌ని రాసే హక్కు క్లస్టర్ చేతికిస్తే, క్లస్టర్లోకి దూరినవాడు మన మెయిల్ రికార్డులు కూడా మార్చేయగలడు. అందుకని ‘_ఆక్మీ-ఛాలెంజ్’ ఒక్కదాన్ని సీనేమ్‌తో (ఒక పేరుని ఇంకో పేరుకి మళ్లించే రికార్డు) వేరే చిన్న జోన్‌కి మళ్లించి, ఇష్యూయర్లో ‘సీనేమ్ స్ట్రాటజీ’ని ‘ఫాలో’ అని పెట్టి, ఆ చిన్న జోన్‌కే హక్కులివ్వడం మంచిది. ఆ సీనేమ్ ఎప్పటికీ ఉండాలి. పని అయిపోయిందని ఎవరైనా శుభ్రం చేస్తే రెండు నెలల తర్వాత రెన్యూవల్ ఆగుతుంది, అప్పటికి ఎవరు తీశారో ఎవరికీ గుర్తుండదు. ఆఫీసు లోపల ఒక డీఎన్ఎస్, బయట ఇంకో డీఎన్ఎస్ ఉన్నచోట కంట్రోలర్‌కి బయటి రిజాల్వర్లనే అడగమని చెప్పాలి. దానికి ‘డీఎన్ఎస్01-రికర్సివ్-నేమ్‌సర్వర్స్-ఓన్లీ’ ఫ్లాగ్, దాంతోపాటు 1.1.1.1:53 లాంటి చిరునామా.

లెట్స్ ఎన్‌క్రిప్ట్ పరిమితుల్లో కొట్టేది పెద్ద సంఖ్య కాదు, చిన్నది. ఒక రిజిస్టర్డ్ డొమైన్‌కి వారానికి 50 కొత్త సర్టిఫికెట్లంటే చాలామందికి సరిపోతుంది. సరిగ్గా అవే పేర్లతో వారానికి 5 అన్నది మాత్రం టెస్ట్ క్లస్టర్‌ని రోజుకి రెండుమూడుసార్లు కూల్చి కట్టేవాళ్లని శుక్రవారానికల్లా పట్టుకుంటుంది. ఆపైన సుమారు 34 గంటలకి ఒకటి చొప్పున మాత్రమే మళ్లీ దొరుకుతుంది. పాతవాటిని రివోక్ చేసినా లెక్క తగ్గదు. కాబట్టి ప్రయోగాలన్నీ వాళ్ల స్టేజింగ్ సర్వర్ మీదే చేయండి. క్లస్టర్ కూల్చేముందు టీఎల్ఎస్ సీక్రెట్లనీ (సర్టిఫికెట్, ప్రైవేట్ కీ దాచే కుబర్నెటీస్ పెట్టెలు), ఆక్మీ (లెట్స్ ఎన్‌క్రిప్ట్‌తో మాట్లాడే ప్రోటోకాల్) ఖాతా ప్రైవేట్ కీ ఉన్న సీక్రెట్‌నీ బ్యాకప్ తీసి, కొత్త క్లస్టర్లో ముందు సీక్రెట్లు, తర్వాత సర్టిఫికెట్లు పెట్టండి. ఆ వరుసలో పెడితే ఉన్న సర్టిఫికెట్‌నే వాడుకుంటుంది, కొత్తది అడగదు.

ఇప్పుడు అసలు సంగతి. ‘రెడీ: ట్రూ’ అంటే సీక్రెట్‌లో సరైన, గడువు తీరని సర్టిఫికెట్ ఉందని మాత్రమే. సీక్రెట్ మారగానే ఎంజిన్‌ఎక్స్ ఇన్‌గ్రెస్ లాంటివి తమంతట తామే కొత్తది ఎత్తుకుంటాయి. వాల్యూమ్‌గా మౌంట్ చేసిన సీక్రెట్‌ని క్యూబ్‌లెట్ ఒకట్రెండు నిమిషాల్లో మారుస్తుంది. కానీ ‘సబ్‌పాత్’తో (వాల్యూమ్‌లోంచి ఒక్క ఫైలునే విడిగా తగిలించడం) మౌంట్ చేస్తే నడుస్తున్న కంటైనర్లో ఆ ఫైలు తనంతట తాను మారనే మారదు. ఫైలు మారినా, స్టార్టప్‌లో ఒక్కసారే చదివి మెమరీలో దాచుకునే అప్లికేషన్లకి తెలీదు. కీస్టోర్ చదివే జావా సర్వీసులు, కొన్ని డేటాబేసులు, మెసేజ్ బ్రోకర్లు ఈ కోవలోవే. 90 రోజుల సర్టిఫికెట్‌కి 60వ రోజున కొత్తది వస్తుంది. పాడ్ ఆ తర్వాత 30 రోజుల్లో ఏదో డిప్లాయ్‌మెంట్‌తో రీస్టార్ట్ అయితే ఎవరికీ ఏమీ తెలీదు. తరచూ డిప్లాయ్ చేసే టీముల్లో ఈ లోపం ఏళ్లకేళ్లు దాగుంటుంది. కోడ్ ఫ్రీజ్ పెట్టిన నెలలోనే బయటపడుతుంది.

పట్టుకోవడం ఇలా. సీక్రెట్‌లోని ‘టీఎల్ఎస్.సీఆర్‌టీ’ని బేస్64 విప్పి, ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌తో సీరియల్ నంబరు తీయండి. తర్వాత ‘ఓపెన్‌ఎస్ఎస్ఎల్ ఎస్_క్లయింట్’తో 443 పోర్టుకి కనెక్ట్ అయి అక్కడ వస్తున్న సర్టిఫికెట్ సీరియల్ తీయండి. రెండూ ఒకటైతే సరే. వేరైతే అప్లికేషన్ పాతదే పట్టుకుని కూర్చుంది. ఐపీ అడ్రస్‌తో కనెక్ట్ అవుతుంటే ‘-సర్వర్‌నేమ్’ తప్పకుండా ఇవ్వాలి, లేకపోతే ‘కుబర్నెటీస్ ఇన్‌గ్రెస్ కంట్రోలర్ ఫేక్ సర్టిఫికెట్’ అనే పేరు కనపడి అనవసరంగా భయపెడుతుంది.

అలర్టులు కూడా ఇదే లెక్కన రెండు ఉండాలి. ఒకటి సర్ట్-మేనేజర్ 9402 పోర్టులో ఇచ్చే ఎక్స్‌పైరేషన్ టైమ్‌స్టాంప్ మెట్రిక్ మీద, 21 రోజులకన్నా తక్కువుంటే. రెండోది బ్లాక్‌బాక్స్ ఎక్స్‌పోర్టర్‌తో బయటినుంచి 443ని తట్టి, అక్కడ కనిపించే గడువు మీద. రెండూ మోగితే తెప్పించడంలో తేడా, ఛాలెంజ్ చూడండి. రెండోది ఒక్కటే మోగితే రీలోడ్‌లో తేడా, సర్ట్-మేనేజర్ని వదిలేసి అప్లికేషన్ చూడండి. గడువు మెయిళ్లు పంపడం లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2025 జూన్ 4న ఆపేసింది. ఆ మెయిళ్ల మీద భరోసా పెట్టుకున్నవాళ్లకి ఇప్పుడు ఏ హెచ్చరికా రాదు. రీలోడ్ సమస్యకి స్టాకేటర్ రీలోడర్ పెట్టుకుంటే, సీక్రెట్ మారినప్పుడల్లా డిప్లాయ్‌మెంట్‌ని మెల్లగా తిప్పుతుంది.

సర్వీసుల మధ్య ఎంటీఎల్ఎస్ (రెండు వైపులా సర్టిఫికెట్ చూపించుకోవడం) కోసం సొంత సీఏ (సర్టిఫికెట్ల మీద సంతకం చేసే అథారిటీ) పెట్టుకునేవాళ్లకి ఇంకా పెద్ద గొయ్యి ఉంది. సెల్ఫ్‌సైన్డ్ ఇష్యూయర్‌తో ‘ఈజ్‌సీఏ: ట్రూ’ అని ఒక రూట్ తయారుచేసి, డ్యూరేషన్ రాయడం మర్చిపోతే ఆ రూట్‌కి కూడా డీఫాల్ట్ 90 రోజులే. 60వ రోజున రూట్ మారిపోతుంది, దాని కింద సంతకమైన సర్టిఫికెట్లు మాత్రం తమంతట తాము మారవు. ఒకప్పుడు ఇది కొంత మరుగునపడేది, ఎందుకంటే రెన్యూవల్‌లో పాత ప్రైవేట్ కీనే మళ్లీ వాడేది. 2025లో వచ్చిన సర్ట్-మేనేజర్ 1.18 వెర్షన్‌లో రొటేషన్ పాలసీ డీఫాల్ట్ ‘నెవర్’ నుంచి ‘ఆల్వేస్’కి మారింది. ఇప్పుడు రూట్‌తోపాటు ప్రైవేట్ కీ కూడా మారుతుంది. కొత్త రూట్ చదివిన పాడ్‌లు పాత సర్టిఫికెట్లని నమ్మవు, పాతది చదివినవి కొత్తవాటిని నమ్మవు. సగం సర్వీసులు మాట్లాడుకుంటాయి, సగం మాట్లాడుకోవు. చూసేవాళ్లకి నెట్‌వర్క్ తెగిపోయి కలుస్తున్నట్టుంటుంది.

రూట్‌కి డ్యూరేషన్ 87600 గంటలు, అంటే పదేళ్లు, చేత్తో రాయండి. రొటేషన్ పాలసీ ఏది కావాలో కూడా రాసేయండి, డీఫాల్ట్‌కి వదలొద్దు. నమ్మకం పంచడానికి ప్రతి సీక్రెట్‌లో కనపడే ‘సీఏ.సీఆర్‌టీ’ని వాడొద్దు, దానికి ట్రస్ట్-మేనేజర్ ఉంది. అందులోకి రూట్ కాపీని విడిగా పెట్టి, మార్చే రోజు వచ్చినప్పుడు ముందు పాతదీ కొత్తదీ రెండూ ఉన్న బండిల్ పంచాలి. తర్వాత సంతకాలు కొత్త రూట్‌కి మార్చి, ఆఖరి పాత సర్టిఫికెట్ పోయాకే పాత రూట్ తీయాలి. మొబైల్ యాప్‌లో పబ్లిక్ కీ పిన్ చేసుకున్నవాళ్లు (ఫలానా కీనే నమ్మమని రాసుకున్నవాళ్లు) కూడా ఈ 1.18 మార్పుని ఒకటికి రెండుసార్లు చదవాలి.

అప్‌గ్రేడ్ ఒక్కో మైనర్ వెర్షన్ చొప్పునే చేయండి. సుమారు నాలుగు నెలలకోటి వస్తుంది, చివరి రెండింటికే సపోర్ట్. అదే 1.18లో ఛాలెంజ్ ఇన్‌గ్రెస్ పాత్ టైప్ ‘ఎగ్జాక్ట్’ అయింది. కొన్ని ఎంజిన్‌ఎక్స్ ఇన్‌గ్రెస్ వెర్షన్లు ఆ పాత్‌ని ఒప్పుకోక హెచ్‌టీటీపీ-01 ఆగిపోయింది. దాన్ని వెనక్కి తిప్పే ఫీచర్ గేట్ ఇచ్చారు, అది మెచ్చుకోవాల్సిన సంగతే.

గడువులు ముందుముందు ఇంకా తగ్గుతాయి. పబ్లిక్ సర్టిఫికెట్లకి గరిష్ఠ గడువు 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2027లో 100, 2029 మార్చి 15 నుంచి 47 అని సీఏ/బ్రౌజర్ ఫోరం 2025 ఏప్రిల్లో తీర్మానించింది. ‘రెన్యూ బిఫోర్ 720 గంటలు’ అని పాతకాలంలో రాసి మర్చిపోయిన ఫైళ్లు ఉంటే ఇప్పుడే తీసేయండి. 47 రోజుల సర్టిఫికెట్‌కి అది 17వ రోజునే రెన్యూ చేయిస్తుంది. 1.16 నుంచి ఉన్న శాతం ఫీల్డ్ వాడండి, లేదా ఏమీ రాయకండి. మూడింట రెండు వంతులు గడిచాక అదే చూసుకుంటుంది. పైన చెప్పిన 21 రోజుల అలర్టుని కూడా అప్పటికి 10కి దించాలి.

లోడ్ బ్యాలెన్సర్ దగ్గరే టీఎల్ఎస్ ముగిసిపోయే అమెజాన్ సెటప్పుల్లో సర్ట్-మేనేజర్ అక్కర్లేదు, అమెజాన్ వాళ్ల సర్టిఫికెట్ సేవ ఏసీఎం చాలు. డబ్బు కట్టక్కర్లేదు, ప్రైవేట్ కీ మన చేతికి రాదు, రుజువు కోసం పెట్టిన సీనేమ్ కదపకుండా ఉంటే రెన్యూవల్ గురించి ఆలోచించక్కర్లేదు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి: 2022 నవంబరులో తెరిచిన హైదరాబాద్ రీజియన్‌లో లోడ్ బ్యాలెన్సర్ ఉంటే దాని సర్టిఫికెట్ హైదరాబాద్‌లోనే తీసుకోవాలి. దానిముందు క్లౌడ్‌ఫ్రంట్ పెడితే అదే పేరుకి ఇంకోటి ఉత్తర వర్జీనియా రీజియన్‌లో తీసుకోవాలి, ఇంకెక్కడ తీసుకున్నా క్లౌడ్‌ఫ్రంట్ జాబితాలో కనపడదు. ఒకే వర్చువల్ మెషీన్ మీద ఒకే సైట్ నడిపేవాళ్లకి కుబర్నెటీసే దండగ, సర్ట్‌బాట్ గానీ క్యాడీ గానీ పెట్టుకోండి. పదుల్లో ఇన్‌గ్రెస్‌లు, లోపల ఎంటీఎల్ఎస్, రెండుమూడు క్లౌడ్లు ఉన్నచోట మాత్రం సర్ట్-మేనేజరే పెట్టండి. పెట్టిన రోజునే ‘సబ్‌పాత్’ అన్న మాట కోసం మానిఫెస్టులన్నీ ఒకసారి వెతకండి.