బోరు నీళ్లా, కొళాయి నీళ్లా, ఆర్‌ఓ నీళ్లా: మన అనంతపురంలో చేపల తొట్టికి ఏవి మేలు?

"అన్నా, నిన్న రాత్రి నీళ్లు మార్చినా. పొద్దున లేసి చూస్తే నాలుగూ తేలినాయి. ఒంటి మీద మచ్చ లేదు, పుండు లేదు. ఏమైందో అర్థమే కాలేదు."

ఇలాంటి ఫోన్ నాకు నెలకు ఒకటైనా వస్తుంది. ఆ మాట వెనకే ఇంకో ప్రశ్న కూడా తప్పకుండా వస్తుంది: "ఇంతకీ ఏ నీళ్లు పోయాలన్నా?" మూడు రకాల నీళ్లూ వాడి చూసినవాణ్ని, వాటిలో ఒకదానితో చేపలను పోగొట్టుకున్నవాణ్ని కాబట్టి తెలిసినంత వివరంగా రాస్తున్నాను.

మన ఊళ్లో అందరూ మొదట చూసేది టీడీఎస్, అంటే నీళ్లలో కరిగి ఉన్న లవణాల మొత్తం. మీటరు ముంచుతారు, 900 కనబడగానే భయపడతారు. నేనూ అలాగే భయపడ్డాను. మూడేళ్ల కిందట మా బోరు నీళ్లు మంచివి కావనుకుని, ఆర్‌ఓ ప్లాంటు నుంచి 20 లీటర్ల క్యాన్లు తెచ్చి పోయడం మొదలుపెట్టాను. మీటరు 40 చూపించింది. అద్దాల మీద తెల్ల చారలు పోయాయి. నాలుగు గోల్డ్‌ఫిష్‌లూ ఐదు నెలలు బాగానే తిరిగాయి. ఒక ఆదివారం ప్లాంటు మూసి ఉంది. ఒక్కసారికి ఏమవుతుందిలే అని సగం నీళ్లు తీసి బోరు నీళ్లు పోశాను. రాత్రి పదకొండుకు చేపలన్నీ పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. తెల్లారేసరికి మూడు పోయాయి. మా పాప ఆ రోజు బడికి పోలేదు, తొట్టి ముందే కూర్చుంది.

బోరు నీళ్లే చంపాయని చాలా రోజులు నమ్మాను. అసలు సంగతి ఐదు నెలల ముందే మొదలైందని తర్వాత అర్థమైంది.

ఫిల్టర్‌లోని బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చేటప్పుడు ఆమ్లం పుడుతుంది. దాన్ని పీల్చుకునేవి నీటిలోని బైకార్బొనేట్లు. మనం కేహెచ్ అని కొలిచేది వాటినే. ఒక గ్రాము అమ్మోనియా నత్రజని మారాలంటే సుమారు 7 గ్రాముల ఆల్కలినిటీ (ఆమ్లాన్ని ఆపే ఈ నిల్వే) ఖర్చవుతుంది. బోరు నీళ్లలో ఆ నిల్వ దండిగా ఉంటుంది. ఆర్‌ఓలో దాదాపు ఉండదు. కొన్ని వారాలకు ఉన్న కాస్తా అయిపోయి పీహెచ్ (తగ్గేకొద్దీ ఆమ్లగుణం పెరిగినట్టు చూపే కొలత) 6 దాకా, ఇంకా కిందికి కూడా దిగజారుతుంది. అక్కడ బ్యాక్టీరియా పని మందగిస్తుంది, అమ్మోనియా పేరుకుంటుంది. అయినా చేపలు చావవు. ఆమ్లగుణం ఉన్న నీటిలో అది దాదాపు మొత్తం అమ్మోనియం రూపంలో ఉంటుంది, అంతగా హాని చేయదు. పైకి తొట్టి ఆరోగ్యంగానే కనిపిస్తుంది.

ఆ తొట్టిలో పీహెచ్ 8 ఉన్న బోరు నీళ్లు సగం పోస్తే ఏమవుతుంది? 25 డిగ్రీల వద్ద పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషరూపం 1 శాతం కూడా ఉండదు. పీహెచ్ 8కి చేరితే అది 5 శాతం దాటుతుంది. మన ఎండాకాలంలో నీళ్లు 30 డిగ్రీలకు వెళ్తే 7 శాతం పైమాటే. అంటే ఐదు నెలలుగా పేరుకున్నదంతా ఒక్క రాత్రిలో మొప్పలను కాల్చే విషమైంది. సగం నీళ్లు తీసేసినా మిగిలిన సగమే చాలింది. టీడీఎస్ ఒక్కసారిగా పెరిగిన దెబ్బ దానికి తోడు. ఒంటి మీద మచ్చ ఎందుకు ఉండదో ఇప్పుడు తెలిసింది కదా.

అందుకే ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే. టీడీఎస్ తర్వాత చూద్దాం, ముందు కేహెచ్ చూడండి. ఒట్టి ఆర్‌ఓ నీళ్లు మూడింటిలో నా దృష్టిలో ఆఖరివి. అవి చెడ్డవని కాదు. నియాన్ టెట్రా, డిస్కస్ లాంటి మెత్తటి (ఖనిజాలు తక్కువున్న) నీటి చేపలు పెంచేవాళ్లకు అవి అవసరమే. కానీ వాళ్లు కూడా ఒట్టివి పోయరు, ఖనిజాలు కలుపుతారు. మన ఇళ్లలో ఎక్కువగా ఉండేవి గోల్డ్‌ఫిష్, గప్పీ, మాలీ, ఫ్లవర్‌హార్న్. వీటికి గట్టి నీళ్లే సుఖం. మాలీకి మెత్తటి నీళ్లు పోస్తే కొన్నాళ్లకు రెక్కలు ముడుచుకుని ఒకేచోట ఊగుతూ ఉంటుంది. దానికి మందు వేసి లాభం లేదు.

కొళాయి నీళ్ల సంగతి వేరు. తుంగభద్ర ఎగువ కాలువ (హెచ్చెల్సీ) నీళ్లు చేరే పెన్నా అహోబిలం జలాశయం (పీఏబీఆర్) నుంచి నగరానికి వచ్చేవి కాబట్టి బోరు కంటే మెత్తగా, ఆర్‌ఓ కంటే బలంగా ఉంటాయి. గుణం చూస్తే చాలా చేపలకు ఇవే నడిమి దారి. చిక్కంతా క్లోరిన్‌తోనే. తాగునీటి ప్రమాణం ప్రకారం కొళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. మనల్ని కాపాడే ఆ కొద్దిపాటి క్లోరినే చేప మొప్పలను దెబ్బతీస్తుంది. వానాకాలంలో నీళ్లు బురదగా వస్తే మోతాదు పెంచడం మామూలే. కాబట్టి ఆరు నెలలుగా ఏమీ కాలేదన్న ధైర్యం పనికిరాదు.

పైన ఫోన్ చేసిన తమ్ముణ్ని నీళ్లు ఎలా పట్టావని అడిగితే, "కొళాయికి పైపు పెట్టి డైరెక్టుగా పట్టినా అన్నా, ఎప్పుడూ అంతే కదా" అన్నాడు. యాంటీ క్లోరిన్ సీసా ఇంట్లోనే ఉందట. అయిపోవస్తోందని దాచుకున్నాడట. చాలా బాధేసింది. ఆ చుక్కల మందులో ఉండేది సాధారణంగా సోడియం థయోసల్ఫేట్, నిమిషాల్లో పని చేస్తుంది. అది లేకపోతే నీళ్లు వెడల్పాటి టబ్బులో పట్టి, ఎయిర్ స్టోన్ వేసి ఒక రోజంతా ఉంచాలి. మూత పెట్టిన డ్రమ్ములో ఉంచితే క్లోరిన్ అంత తొందరగా పోదు.

క్లోరిన్ ఇంకో దారిలో కూడా చంపుతుంది. నీళ్లు సరిగ్గానే పోస్తారు, కానీ స్పాంజ్ ఫిల్టర్‌ను కొళాయి కింద పెట్టి తెల్లగా అయ్యేదాకా పిండుతారు. బ్యాక్టీరియా పోతుంది. అప్పుడు చేపలు ఆ రాత్రి చావవు, రెండు నుంచి నాలుగు రోజులకు ఒక్కొక్కటిగా పోతాయి. అందుకే చేప పోయిందని చెప్పినప్పుడు నేను ముందు రోగ లక్షణాలు అడగను, నీళ్లు మార్చిన ఎన్ని గంటలకు పోయిందో అడుగుతాను. గంటల్లో పోతే క్లోరిన్, పీహెచ్ దెబ్బ. రోజుల్లో పోతే ఫిల్టర్. వారాల తరబడి ఒక్కొక్కటే నీరసించి పోతుంటే అప్పుడు రోగం గురించి ఆలోచిస్తాను. అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు ఇంకో మాట కూడా కనుక్కోవాలి. సంపు, మిద్దె మీది ట్యాంకు బ్లీచింగ్ పౌడర్‌తో ఎప్పుడు కడిగారో అడగండి. అలాంటప్పుడు బోరు నీళ్లలోనూ క్లోరిన్ ఉంటుంది.

ఇక బోరు. నా ఓటు దీనికే, దాచుకోను. క్లోరిన్ ఉండదు, కేహెచ్ నిండుగా ఉంటుంది, పీహెచ్ కదలదు. గోల్డ్‌ఫిష్, గప్పీ పెంచే ఇంటికి ఇంతకంటే నమ్మకమైన నీళ్లు మన ఊళ్లో నాకు కనపడలేదు. రెండు జాగ్రత్తలు మాత్రం తప్పవు. లోతు బోరు నుంచి అప్పుడే వచ్చిన నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ ఉంటాయి. రాత్రంతా గాలి ఆడించి పొద్దున పోయాలి. రెండోది, పీహెచ్ ఎక్కువ కాబట్టి ఈ నీళ్లలో అమ్మోనియాకు మన్నింపు లేదు. కొత్త తొట్టిలో ఒకేసారి పది చేపలు వేసినా, మేత ఎక్కువైనా బోరు నీళ్లలో శిక్ష త్వరగా పడుతుంది. అది ఒప్పుకోవాల్సిన లోపమే. ఎండాకాలం భూగర్భజలం దిగితే టీడీఎస్ పెరగవచ్చు కాబట్టి మార్చి నుంచి నెలకోసారి కొలవండి. మరీ 1,500 దాటితే ఆర్‌ఓ నీళ్లు మూడో వంతు కలుపుతాను. మన జిల్లా కదా, ఫ్లోరైడ్ గురించి కూడా అడుగుతారు. తాగడానికి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు, అది మన ఎముకల సంగతి. చేపలు రాత్రికి రాత్రి పోతే నేను అనుమానించేవాటిలో అది లేదు.

వాన నీళ్లు కూడా ఆర్‌ఓ లాంటివే, పైగా మన దగ్గర ఎన్నాళ్లు దొరుకుతాయి? సాఫ్ట్‌నర్ నీళ్లలో కాల్షియం పోయి సోడియం చేరుతుంది, సాఫ్ట్‌నర్‌కు ముందున్న కొళాయి నుంచి పట్టుకోండి. ట్యాంకరు నీళ్లు ఎక్కడివో తెలియనప్పుడు నేను పోయను.

ఏ నీళ్లు వాడినా ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. ఎయిర్ పంపు గదిలోని గాలినే తొట్టిలోకి తోస్తుంది. దోమల మందుల్లో మామూలుగా వాడే పైరెథ్రాయిడ్లు చేపలకు చాలా విషం. ఆ గదిలో దోమల చక్రం వెలిగించకండి, స్ప్రే కొట్టకండి. వీధిలో ఫాగింగ్ చేస్తున్నప్పుడు కిటికీలు మూసి తొట్టి మీద తడిగుడ్డ కప్పి, ఆ పొగ పోయేదాకా పంపు ఆపుతాను.

ఇప్పటికే ఆర్‌ఓ పోస్తున్నవాళ్లు ఇది చదివి ఈ రాత్రే బోరు నీళ్లు పోయకండి, నేను చేసిన తప్పే అవుతుంది. ముందు పీహెచ్, అమ్మోనియా చూడండి. షాపులో దొరికే చుక్కల కిట్ చాలు. పీహెచ్ పడిపోయి అమ్మోనియా కనిపిస్తుంటే, మూడు నాలుగు రోజులు మేత ఆపి, అదే ఆర్‌ఓ నీళ్లతో రోజూ ఐదో వంతు మార్చుతూ అమ్మోనియాను పల్చన చేయండి. కిట్‌లో అది కనపడనంతగా తగ్గాక, 60 లీటర్ల తొట్టికి రోజుకు రెండు మూడు మగ్గుల చొప్పున బోరు నీళ్లు కలుపుతూ పోండి. రెండు వారాలు పడుతుంది. ఈ లోపల నీలం మందు, పసుపు మందు ఏదీ వేయకండి. రోగమే లేనప్పుడు మందు వేస్తే ఫిల్టర్‌లో మిగిలిన బ్యాక్టీరియా కూడా దెబ్బతినవచ్చు.

మా తొట్టిలో ఇప్పుడు బోరు నీళ్లే. శనివారం రాత్రి రెండు బక్కెట్లు పట్టి గాలి పెడతాను, ఆదివారం పొద్దున పాపే పోస్తుంది. ఆ రాత్రి బతికిన నాలుగో గోల్డ్‌ఫిష్ ఇప్పుడు నా అరచేయంత ఉంది.