లినక్స్ రుచి చూడటానికి: పెన్‌డ్రైవా, వర్చువల్‌బాక్సా?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఒంగోలు, కావలి ఇళ్లలో మూలన పడిన పాత ల్యాప్‌టాప్‌లను పారేయకండి, ముందు లినక్స్ మింట్ (విండోస్‌కు బదులు వాడుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) పెట్టి చూడండి.

నా ఓటు పెన్‌డ్రైవ్‌కే. 8 జీబీది చాలు. రూఫస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మింట్ ఐఎస్‌ఓ ఫైలు (మొత్తం వ్యవస్థ ఒకే ఫైలుగా ఉండేది) ఎక్కిస్తే పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది, పెళ్లి ఫొటోలుంటే ముందే తీసి దాచుకోండి. ఆన్ చేయగానే ఎఫ్12 (కంపెనీని బట్టి వేరే మీట కావచ్చు) నొక్కి పెన్‌డ్రైవ్‌ను ఎంచుకోవాలి. హార్డ్‌డిస్క్‌లోని విండోస్ చెక్కుచెదరదు. వైఫై అందుతోందా, శబ్దం వస్తోందా, తెరను మూసి తెరిస్తే మేల్కొంటోందా అన్నది అసలు యంత్రం మీదే తేలిపోతుంది. కాస్త నెమ్మదిగా నడుస్తుంది; మామూలుగా అయితే, ఆపగానే మన మార్పులు పోతాయి.

వర్చువల్‌బాక్స్ అనేది కంప్యూటర్‌లోనే మరో కల్పిత కంప్యూటర్‌ను సృష్టించే సాఫ్ట్‌వేర్; అందులో లినక్స్ విండోస్ లోపలే నడుస్తుంది. స్నాప్‌షాట్ (అప్పటి స్థితిని భద్రపరిచే నకలు) తీసుకుంటే ఎంత చెడగొట్టినా వెనక్కి రావచ్చు. ఆదేశాలు నేర్చుకునే ఇంజనీరింగ్ విద్యార్థికి ఇది వరమే. కానీ 4 జీబీ ర్యామ్‌ను రెండు వ్యవస్థలూ పంచుకుంటే రెండూ ఈడుస్తాయి. పైగా లోపలి లినక్స్‌కు కనిపించేది కల్పిత నెట్‌వర్క్ కార్డు, మీ వైఫై కార్డు సంగతి అది చెప్పలేదు.

పెన్‌డ్రైవ్‌తో తెరిచినప్పుడు డెస్క్‌టాప్ మీద ఇన్‌స్టాల్ గుర్తు ఉంటుంది. ఫైళ్లకు నకలు తీసుకునేదాకా దాన్ని ముట్టుకోకండి.